చక్రం చెప్పిన సాక్ష్యం: ఇంగ్లండ్‌లో నాకు వచ్చిన రెండు పార్కింగ్ నోటీసులు

మొదటి నోటీసు 2023 నవంబరులో వచ్చింది. ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు అత్తయ్యకు డాక్టరు అపాయింట్‌మెంటు. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయి, కుడి మోకాలికి ఆపరేషను తేదీ కోసం ఎదురుచూస్తున్న రోజులవి. సన్నగా వాన పడుతోంది. క్లినిక్ ముందు ఎక్కడా చోటు లేదు. రెండుసార్లు చుట్టూ తిరిగాక వీధి మలుపులో ఒక్క కారు పట్టేంత ఖాళీ కనిపించింది. అక్కడ పసుపు గీత లేదు, బోర్డు కూడా లేదు. కారు ఆపి, ఆవిడ చేయి పట్టుకుని మెల్లగా లోపలికి నడిపించాను.

అరగంట తరువాత తిరిగి వచ్చేసరికి ముందు అద్దం మీద, వైపరు కింద పసుపుపచ్చని ప్లాస్టిక్ సంచి ఉంది. వాన చుక్కలు దాని మీద నుంచి జారుతున్నాయి. లోపల పెనాల్టీ చార్జ్ నోటీసు. ఇక్కడ అందరూ పీసీఎన్ అంటారు. కోడ్ 27, 70 పౌండ్లు. పద్నాలుగు రోజుల్లో కడితే సగం, అంటే 35 పౌండ్లు.

నాకు చాలా కోపం వచ్చింది. ముసలావిడను డాక్టరు దగ్గరకు తీసుకొచ్చిన మనిషికి జరిమానా వేస్తారా అనిపించింది. బోర్డు లేని చోట తప్పెలా అవుతుందని ఇంటికి వెళ్లేదాకా అంటూనే ఉన్నాను. అత్తయ్య మాత్రం ఒక్క మాట అడిగింది. "అసలు ఏం తప్పని రాశారో చదివావా అమ్మాయ్?"

అప్పటికి చదవలేదు. రాత్రి కూర్చుని చదివాను. నోటీసు నంబరు, కారు నంబరు ఇస్తే కౌన్సిల్ (ఇక్కడి స్థానిక పాలక సంస్థ) వెబ్‌సైటులో, నోటీసు రాసిన అధికారి తీసిన ఫొటోలు కనిపిస్తాయి. నాలుగు ఫొటోలున్నాయి. మూడోదాన్ని పెద్దది చేసి చూశాను. నా కారు ముందు చక్రం బొడిపెలున్న పలకల మీదకు ఎక్కి ఉంది. చూపు లేనివారికి ఇక్కడ రోడ్డు దాటవచ్చని పాదాల కింద తెలియజెప్పే పలకలవి. ఆ చోట కాలిబాట అంచును రోడ్డు మట్టానికి దించుతారు. చక్రాల కుర్చీలో ఉన్నవారు, పిల్లల బండి తోసే తల్లులు దిగి దాటగలిగేది అలా దించిన చోటనే. నేను సరిగ్గా దానికే అడ్డంగా కారు పెట్టాను.

బోర్డు ఎందుకు లేదో కూడా ఆ రాత్రే తెలిసింది. అంచు దించిన చోట కారు ఆపకూడదన్నది 2004 నాటి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టంలోని నిబంధన. దానికి బోర్డు గానీ, గీత గానీ అవసరం లేదు. దించిన అంచే అక్కడ గుర్తు. డ్రైవింగు పరీక్ష కోసం నేను చదువుకున్న పుస్తకంలో ఈ సంగతి ఉంది. చదివాను, మరిచిపోయాను. మర్నాడు ఉదయం 35 పౌండ్లు కట్టేశాను.

కట్టాను గాని, మనసులో పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది రెండు నెలల తరువాత. జనవరిలో అత్తయ్యకు ఆపరేషను అయింది. ఇంట్లో ఊతకర్రలతో నడిచేది కాని, బయట కాస్త దూరం వెళ్లాలంటే కొన్ని వారాలు చక్రాల కుర్చీ తప్పలేదు. ఒక మధ్యాహ్నం మందుల షాపుకు తీసుకెళుతుంటే, మా వీధి చివర అంచు దించిన చోట ఒక వ్యాను నిలిపి ఉంది. కుర్చీని వెనక్కి తిప్పి, నలభై అడుగులు పోయి, ఒక ఇంటి వాకిలి దగ్గర రోడ్డులోకి దించి, వచ్చే కార్లకు ఎదురుగా తోసుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. అత్తయ్య కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. ఆవిడ వేళ్ల కణుపులు తెల్లబడటం నాకు పైనుంచి కనిపించింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ నవంబరు వానలో నా కారు ముందు ఇలా ఎవరు వెనక్కి తిరిగి ఉంటారో నాకు తెలియదు. ఎవరో ఒకరు తిరిగే ఉంటారు.

కౌన్సిళ్లు ఈ జరిమానాలు ఎందుకు వేస్తాయన్న ప్రశ్న నన్ను పట్టుకున్నది అప్పుడే. మన తెలుగువాళ్లు నలుగురు చేరితే దీనికి ఒకే జవాబు వినిపిస్తుంది: డబ్బు కోసం. తెల్లవాళ్లలోనూ అదే మాట. నేనూ అదే అనేదాన్ని.

అత్తయ్య దగ్గర పాత జ్ఞాపకాలున్నాయి. మామయ్యగారు గుంటూరులో వైద్యం చదివి, 1970లలో మన డాక్టర్లు చాలామంది వచ్చినట్టే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో పనికి వచ్చారు. అప్పట్లో కార్లు చూసుకునే వార్డెన్లు పోలీసు శాఖవారు. "టోపీకి పసుపు పట్టీ ఉండేది. వాళ్లను చూస్తే మీ మామయ్యగారు పోలీసును చూసినట్టే కంగారుపడేవారు" అంటుంది. ఆ కంగారులో అర్థముంది. ఆ రోజుల్లో కారు తప్పుగా ఆపడం నేరం. లండన్‌లో మొదటి పార్కింగ్ మీటర్లు 1958 జులైలో మేఫెయిర్ ప్రాంతంలో పెట్టారు. వార్డెన్లు 1960లో వచ్చారు. వార్డెన్ల తొలి టికెట్టు, గుండెపోటు వచ్చిన మనిషిని చూడటానికి ఒక హోటలుకు పరుగెత్తిన డాక్టరు కారు మీద పడిందనీ, జనం గోల చేస్తే దాన్ని వదిలేశారనీ ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. వైద్యుల ఇల్లు కనుక ఆ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో.

కార్లు పెరిగేకొద్దీ ఆ పద్ధతి సాగలేదు. దొంగతనాలు, కొట్లాటలు చూసుకోవాల్సిన పోలీసులకు పసుపు గీతల మీద నిలిపిన కార్ల వెంట పడే తీరిక ఉండదు. పట్టించుకునేవారు లేకపోతే గీతకు విలువ ఉండదు. బస్సు ఆగే చోట కారు ఉంటే బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది, వెనుక వచ్చేవన్నీ ఆగిపోతాయి. దుకాణాల ముందు ఒకే కారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంటే కొనుక్కోవడానికి వచ్చినవారికి చోటు ఉండదు. అందుకే 1991లో చట్టం మార్చారు. పార్కింగు తప్పులు చాలావరకు నేరాల జాబితాలోంచి తీసేసి, చూసుకునే పని స్థానిక కౌన్సిళ్లకు అప్పగించారు. ముందు లండన్ బరోలు, అంటే ఆ నగరంలోని స్థానిక పాలక ప్రాంతాలు, తరువాత ఒక్కొక్కటిగా మిగిలిన ఊళ్లు ఆ దారి పట్టాయి. 2004 నాటి చట్టంలోని కొత్త నియమాలు 2008 మార్చి 31 నుంచి అమలయ్యాయి. అప్పటి నుంచి వార్డెను అధికారిక పేరు సివిల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్. పీసీఎన్ కడితే నేరం చేసినట్టు నమోదు కాదు, లైసెన్సు మీద పాయింట్లు పడవు. అతివేగం వంటివి ఇప్పటికీ పోలీసుల పనే.

మన దగ్గర వేరు. హైదరాబాదులో మా తమ్ముడికి వచ్చే చలానా ట్రాఫిక్ పోలీసులది, దానితో నగరపాలక సంస్థకు సంబంధం లేదు. తెలంగాణలో 2022లోనూ, 2023 చివర్లోనూ పెండింగు చలానాలకు పెద్ద రాయితీలు ఇచ్చారు. తమ్ముడు ఆ రాయితీ కోసం ఆగి కట్టాడు. ఇక్కడ రాయితీ ముందు కట్టినవారికి, ఆలస్యం చేస్తే పెంపు. అలవాటు మీద ఉండిపోయి, పాత ఊరి పద్ధతిలో నోటీసును సొరుగులో పడేసి దెబ్బతిన్నవారిని నేను చూశాను.

డబ్బు మాటకు వస్తాను. నేను చదివినంతలో తేలింది ఇది. పార్కింగు జరిమానాల లక్ష్యం ఆదాయం కాకూడదని, ఇంత డబ్బు రావాలని గానీ, రోజుకు ఇన్ని నోటీసులు రాయాలని గానీ లక్ష్యాలు పెట్టకూడదని ప్రభుత్వం కౌన్సిళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసి ఉంది. ఖర్చులు పోగా మిగిలిన డబ్బును ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికీ లేదు. 1984 నాటి రోడ్డు ట్రాఫిక్ నియంత్రణ చట్టంలో 55వ సెక్షను ఆ మిగులును దేనికి వాడాలో చెబుతుంది: పార్కింగు వసతులు, ప్రజా రవాణా, రోడ్ల బాగు, పర్యావరణం వంటివి. లండన్‌లో వృద్ధుల ఉచిత ప్రయాణ పాసులకు ఈ డబ్బు ఆసరా అవుతుంది. జరిమానాను ఇష్టం వచ్చినంత పెట్టే అధికారం కూడా మా కౌన్సిల్ చేతిలో లేదు. లండన్ వెలుపల ఇంగ్లండ్‌లో గరిష్ఠం 70 పౌండ్లు, 2008 నుంచి మారలేదు. అసలు ఆపకూడని చోట ఆపితే 70, ఆపదగిన చోటే సమయం మించితే 50. తప్పు బరువును బట్టి ఈ తేడా. లండన్ బరోల జరిమానాల్లో మాత్రం అన్నిటికన్నా పెద్దది 130 పౌండ్లు ఉండేది, 2025 ఏప్రిల్‌లో 160 చేశారు.

చట్టం ఇలా ఉంది కదా అని కౌన్సిళ్లన్నీ చట్టం గీసిన గీత దాటవని నేను అనను. బార్నెట్ అనే లండన్ బరో, ఇళ్ల ముందు కార్లు పెట్టుకునే పర్మిట్ల ధరను 40 పౌండ్ల నుంచి 100కు, అతిథుల కూపన్ల ధరను ఒక పౌండు నుంచి నాలుగుకు పెంచింది. అక్కడి నివాసి ఒకరు హైకోర్టుకు వెళ్లారు. ఆదాయం పెంచుకోవడం కోసం అలా పెంచడం చట్టవిరుద్ధమని 2013లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఒక మామూలు మనిషి అడిగితే కౌన్సిల్ జవాబు చెప్పాల్సి వచ్చింది. చక్రాల కుర్చీకి దారి వదలమని నన్ను అడిగే హక్కు కౌన్సిల్‌కు ఉంది. ఆ హక్కును సరిగ్గా వాడుతున్నావా అని కౌన్సిల్‌ను అడిగే హక్కు నాకు ఉంది.

ఆ హక్కు వాడాల్సిన అవసరం మార్చిలోనే వచ్చింది.

మా ఊరి బజారు వీధిలో కార్లు నిలపడానికి గళ్లు గీసి ఉంటాయి. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఒక గంట ఉచితంగా ఆపుకోవచ్చు. వెళ్లిపోయాక మళ్లీ గంటదాకా తిరిగి రాకూడదు. ఒక బుధవారం ఉదయం 10 గంటల 5 నిమిషాలకు కారు అక్కడ పెట్టి కూరగాయలు కొన్నాను. పదిన్నర దాటాక బయల్దేరి అత్తయ్యను ఫిజియోథెరపీకి ఆసుపత్రికి తీసుకెళ్లాను. పదకొండుకు అపాయింట్‌మెంటు. అది ముగించుకుని, 12 గంటల 10 నిమిషాలకు తిరిగి బజారు వీధికి వచ్చాను. నేను వెళ్లి గంటన్నర దాటింది. దాదాపు అదే చోటు ఖాళీగా దొరికింది. ఆవిడ మందులు తీసుకుని పావుగంటలో వచ్చేసరికి మళ్లీ అదే పసుపు సంచి.

కోడ్ 30, అనుమతించిన సమయం మించి ఆపడం. 50 పౌండ్లు, త్వరగా కడితే 25. కారును 10:12కు చూశారట, మళ్లీ 12:18కి చూశారట. రెండు గంటలకు పైగా అక్కడే ఉందని తేల్చారు. మధ్యలో నేను వెళ్లి రావడం ఎవరూ చూడలేదు.

ఈసారి కోపం కన్నా పట్టుదల ఎక్కువగా ఉంది. నవంబరులో తప్పు నాది, కట్టాను. ఇప్పుడు తప్పు చేయలేదు. మావారు మాత్రం, "ఇరవై అయిదు పౌండ్ల కోసం ఇంత తలనొప్పి ఎందుకు, కట్టేయ్" అన్నారు. చాలామంది అలాగే కట్టేస్తారు. నేను కట్టదలచుకోలేదు.

మొదటి మెట్టు, నోటీసు వచ్చిన వెంటనే కౌన్సిల్‌కు అభ్యంతరం రాయడం. పద్నాలుగు రోజుల్లోపు రాస్తే, వాళ్లు కాదన్నా సగం జరిమానా అవకాశాన్ని సాధారణంగా మళ్లీ ఇస్తారు. కాబట్టి భయపడాల్సింది లేదు. నేను మూడో రోజునే రాశాను. ఆసుపత్రి పార్కింగులో డబ్బు కట్టిన రసీదు, ఫిజియోథెరపీ అపాయింట్‌మెంటు ఉత్తరం జతచేశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. రసీదు మీద కారు నంబరు లేదు కనుక అది ఈ కారుదేనని రుజువు కాదన్నారు. నా ఉత్తరంలో ఉన్న మిగతా విషయాల ప్రస్తావనే లేదు. పదిమందికి పంపే ఉత్తరంలో నా పేరు చేర్చినట్టుంది.

రెండో మెట్టు రావాలంటే ఆగాలి. కట్టకుండా 28 రోజులు గడిచాక కారు ఎవరి పేరున రిజిస్టరై ఉందో వారికి నోటీస్ టు ఓనర్ అనే కాగితం వస్తుంది. దానికి 28 రోజుల్లో అధికారికంగా జవాబు రాయాలి. తప్పు జరగలేదు, ఆ రోజు కారు నాది కాదు, కారును నాకు తెలియకుండా తీసుకెళ్లారు, కౌన్సిల్ పద్ధతి తప్పింది, ఇలాంటి కారణాలు కాగితం మీదే అచ్చువేసి ఉంటాయి. నేను మొదటిదానికి టిక్కు పెట్టాను. ఈ జవాబుకు కౌన్సిల్ 56 రోజుల్లో బదులివ్వకపోతే మన మాట ఒప్పుకున్నట్టే లెక్క. నా విషయంలో జూన్‌లో బదులిచ్చారు, మళ్లీ కాదని.

ఈ నోటీస్ టు ఓనర్ దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. మాకు తెలిసిన కుర్రాడు ఒకడు ఏడాదికి ఒక అద్దె ఇల్లు మారేవాడు. కారు రిజిస్ట్రేషన్ పత్రం మీద చిరునామా మార్చలేదు. నోటీసు పాత ఇంటికి, ఆ తరువాత జరిమానాను సగం పెంచే చార్జ్ సర్టిఫికెట్ కూడా పాత ఇంటికే వెళ్లాయి. అప్పు నార్తాంప్టన్‌లోని కోర్టు కేంద్రంలో నమోదైంది. చివరికి వసూలు చేసేవాళ్లు అతని కొత్త ఇంటి తలుపు కొట్టారు. అప్పట్లో వాళ్ల రుసుము మొదటి దశలో 75 పౌండ్లు, తలుపు దాకా వస్తే మరో 235 ఉండేది. ఆ కుర్రాడు ఏడుపు ముఖంతో మా ఇంటికి వచ్చాడు. నోటీసే అందలేదని, రాసింది నిజమని సంతకం పెట్టి కోర్టు కేంద్రానికి పంపే పత్రం ఒకటుంది, దానితో వ్యవహారం వెనక్కి మళ్లింది. కాని ఆ నెల రోజులూ అతనికి నిద్ర లేదు. చిరునామా మార్చడం ఉచితం, ఇంటర్నెట్‌లో అయిదు నిమిషాల పని. మార్చకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా కూడా ఉంది. కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజే ఈ పని కూడా చేయమని అడిగినవారందరికీ చెబుతాను.

మూడో మెట్టు ట్రిబ్యునల్. లండన్ బరోలకు వేరే ట్రిబ్యునల్ ఉంది. మా వంటి ఊళ్లవి ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్‌కు వెళతాయి. ఫీజు లేదు. విచారించే అడ్జుడికేటర్ న్యాయవాద వృత్తి నుంచి వచ్చినవారు, కౌన్సిల్‌తో సంబంధం లేనివారు. వారి నిర్ణయానికి కౌన్సిల్ కట్టుబడాలి. ఇక్కడికి వచ్చాక సగం జరిమానా అవకాశం ఉండదు, ఓడిపోతే మొత్తం 50 కట్టాలి. ఆ 25 పౌండ్ల తేడాయే నేను పణంగా పెట్టింది. జులైలో ఇంటర్నెట్‌లోనే అప్పీలు వేశాను.

అప్పీలు వేశాక కౌన్సిల్ తన దగ్గరున్న సాక్ష్యమంతా పెట్టాలి, అది మనకూ కనిపిస్తుంది. నేను ఒక రాత్రి పనులన్నీ అయ్యాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ పేజీలు ఒక్కొక్కటే చదివాను. వీధికి సంబంధించిన ఉత్తర్వు, బోర్డు ఫొటో, నా ఉత్తరాలు, వాళ్ల జవాబులు. చివర్లో అధికారుల చేతి యంత్రంలోని నమోదు. రెండు వరుసలే. 10:12: ముందు వాల్వు 1, వెనుక 8. 12:18: ముందు వాల్వు 4, వెనుక 10.

మొదట అర్థం కాలేదు. తరువాత వెతికి తెలుసుకున్నాను. సమయం పరిమితి ఉన్న చోట కారు కదిలిందో లేదో తెలుసుకోవడానికి అధికారి చక్రాలను చూస్తాడు. టైరులో గాలి నింపే చిన్న వాల్వు, చక్రాన్ని గడియారం ముఖంగా అనుకుంటే, ఏ అంకె దగ్గరుందో రాసుకుంటాడు. ముందు చక్రానిది ఒకటి, వెనుక చక్రానిది ఒకటి. కారు కదలకపోతే రెండోసారి చూసినప్పుడు అవే అంకెలు ఉండాలి. కారు వెళ్లి తిరిగి వస్తే రెండు చక్రాలూ మళ్లీ అవే అంకెల దగ్గర ఆగడం చాలా అరుదు. మలుపుల్లో ముందు చక్రం, వెనుక చక్రం ఒకే దూరం తిరగవు.

నా కారు అంకెలు మారాయి. ఒకటి నాలుగయింది, ఎనిమిది పదయింది. నేను చెప్పింది నిజమని కౌన్సిల్ సొంత పుస్తకమే మార్చి నుంచి చెబుతోంది. రెండుసార్లు నాకు కాదని ఉత్తరం రాసినవారు ఆ రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూడలేదు. పొద్దున చూసిన అధికారి ఒకరు, మధ్యాహ్నం చూసినది మరొకరు, అధికారుల గుర్తింపు నంబర్లు వేరుగా ఉన్నాయి. గంటల తరబడి వానలో ఎండలో తిరిగి, వంగి ప్రతి చక్రాన్నీ చూసి ఆ అంకెలు రాసిన మనుషుల మీద నాకు గౌరవమే కలిగింది. మొదటి అధికారి తన పని శ్రద్ధగా చేశాడు కనుకనే నాకు సాక్ష్యం దొరికింది. తప్పు ఆ రాతను చదవకుండా సంతకం పెట్టిన బల్ల దగ్గర జరిగింది.

అప్పుడే లేచి అత్తయ్య గదిలోకి వెళ్లాను. ఆవిడ ఇంకా పడుకోలేదు. విషయం చెబితే, మంచం పక్కనున్న కాగితం మీద రెండు గడియారాలు గీయించుకుని చూసింది. "చక్రం అబద్ధం చెప్పదు కదమ్మా" అంది.

విచారణ ఆగస్టులో, ఫోనులో జరిగింది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. కౌన్సిల్ తరఫున ఎవరూ రాలేదు, కాగితాల మీదే వదిలేశారు. అడ్జుడికేటర్ ఒక మహిళ. చాలా మర్యాదగా, నెమ్మదిగా మాట్లాడారు. ఆ రోజు ఎక్కడెక్కడికి వెళ్లారో వరుసగా చెప్పమన్నారు. చెప్పాను. అత్తయ్య ఆపరేషను తేదీ, ఎన్నిసార్లు ఫిజియోథెరపీ, కూరగాయల దుకాణం ఎంత దూరం, అన్నీ అడిగారు. తరువాత నేను వాల్వు అంకెల మాట ఎత్తాను. కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "కనిపిస్తున్నాయి" అన్నారు. ఆ రెండు నమోదుల మధ్య కారు కదిలిందని, రసీదు సమయం నా మాటతో సరిపోతోందని, తప్పు జరిగినట్టు కౌన్సిల్ రుజువు చేయలేకపోయిందని చెప్పి అప్పీలును అనుమతించారు. మర్నాటికి రాతపూర్వక నిర్ణయం వచ్చింది. నోటీసు రద్దు చేస్తున్నట్టు కౌన్సిల్ నుంచి రెండు వాక్యాల ఉత్తరం తరువాతి వారం వచ్చింది. క్షమాపణ లేదు. నేను కౌన్సిల్‌కు మరో ఉత్తరం రాశాను. కాదని రాసే ముందు వాల్వు నమోదులను పోల్చి చూడాలన్న నియమం మీ దగ్గర ఉందా అని అడిగాను. ఇకపై సిబ్బందికి గుర్తుచేస్తామని జవాబు వచ్చింది. చేశారో లేదో చూడాలంటే నా దగ్గర దారి లేదు, కాని ఆ ప్రశ్న వాళ్ల ఫైల్లో ఉంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. సూపర్ మార్కెట్లు, ప్రైవేటు స్థలాల్లో వచ్చే కాగితాన్ని కూడా పీసీఎన్ అనే అంటారు. అక్కడ పి అంటే పెనాల్టీ కాదు, పార్కింగ్. అది కౌన్సిల్‌ది కాదు, కంపెనీ వసూలు. దాని దారి, గడువులు, అప్పీలు అన్నీ వేరు. కాగితం మీద ఎవరి పేరుందో ముందు చూడాలి. కౌన్సిల్‌దైతే చట్టం పేరు, మీ హక్కులు దాని మీదే రాసి ఉంటాయి.

అక్టోబరులో బతుకమ్మ ఆడుకోవడానికి ఒక బడి హాలు తీసుకున్నారు మనవాళ్లు. బయట వీధంతా కార్లు. ఆటలు మధ్యలో ఉండగా నాకు తెలిసిన అమ్మాయి చేతిలో పసుపు సంచితో వచ్చింది. "అక్కా, నువ్వు కౌన్సిల్ మీద గెలిచావట కదా. నాకు కూడా రాసిపెట్టు" అంది. ఎప్పుడు వచ్చిందని అడిగాను. పన్నెండు రోజులయిందట. ఎక్కడ ఆపావని అడిగాను. పిల్లాడి బడి ముందు, రెండు నిమిషాలే అంది. ఆ అమ్మాయి ఫోనులోనే నోటీసు నంబరు కొట్టి ఫొటో తెరిచాం. రోడ్డు మీద పసుపు రంగులో వంకర గీతలు, వాటి మధ్య 'స్కూల్ కీప్ క్లియర్' (బడి ముందు ఖాళీగా ఉంచండి) అని పెద్ద అక్షరాలు. కారు వాటి మీద ఉంది. కారు వెనుక నుంచి, రోడ్డు దాటడానికి ఇద్దరు పిల్లలు మెడ చాచి చూస్తున్నారు. వాళ్ల తలలు కారు డిక్కీ ఎత్తుకు కూడా రావు.

ఆ అమ్మాయి ఫొటోను చాలాసేపు చూసింది. తరువాత అక్కడే మెట్ల మీద కూర్చుని కార్డు తీసి 35 పౌండ్లు కట్టింది. కట్టాక, రిజిస్ట్రేషన్ పత్రం మీద చిరునామా ఏదుందో అడిగాను. పాతదే. అది కూడా మార్చేశాకనే ఇద్దరం లోపలికి వెళ్లాం.